నొప్పి అనకూడని ఇల్లు

నెల్లిమర్ల గోనెసంచుల మిల్లులో జగన్నాధం మగ్గం మీద పనిచేసేవాడు. మంచి పనివాడు, మెతకమనిషి. పంతొమ్మిది వందల అరవై అయిదు ఎండల్లో అతని ఒక్కగానొక్క కొడుకు చినబాబుకి అమ్మవారు పోసింది. అయిదేళ్ళవాడు. తొమ్మిదో రోజున పోయాడు.

జగన్నాధం భార్య దాలమ్మ వీధరుగు మీద కూర్చుని నెల రోజులు ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి వినేలా రాగం తీసి, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ, వాడు తిన్నవీ తినకుండా వదిలేసినవీ, కొనిపెడతానని తను కొనిపెట్టనివీ అన్నీ చెప్పుకుంటూ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒకనాడు పొద్దున్నే లేచి, కొంగు బిగించి ఊడ్పులకి వెళ్ళిపోయింది.

జగన్నాధానికి అలా ఏడవడం చేతకాలేదు. మిల్లు కూత కూయగానే కల్లుపాకకి పోయేవాడు. అక్కణ్ణించి చంపావతి ఏటి గట్టు మీదికి పోయి కూర్చునేవాడు. అలా ఏడాది గడిచింది. మగ్గంలో చెయ్యి పెట్టేసుకుంటాడేమోనని తోటివాళ్ళు భయపడుతున్న రోజుల్లో, ఎవరో అతణ్ణి నరసింగరావు మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళారు.

నరసింగరావు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరై వచ్చినాయన. ఖరగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఏవో ఇంగ్లీషు పుస్తకాలు చదివాడు, ఒక స్వామి దగ్గర ఉపదేశం పొందాడు. రైలుగేటు పక్కన ఆయనకి పెంకుటిల్లు. ప్రతి లక్ష్మివారం సాయంత్రం ఆ ఇంటి వసారాలో పాతికమంది చేరేవారు. దాన్ని శుభవాక్కు సమాజం అనేవారు. మాస్టారు ఎవరి దగ్గరా చిల్లిగవ్వ పుచ్చుకునేవాడు కాదు. పైగా వచ్చినవాళ్ళకి తనే బెల్లం పానకం ఇచ్చేవాడు.

“మాట విత్తనం లాంటిది నాయనా” అన్నాడు ఆయన మొదటి రోజు జగన్నాధంతో. “ముళ్ళ విత్తనం నాటి వరి కోస్తానంటే కుదురుతుందా? నొప్పి అన్నావంటే నొప్పి మొలుస్తుంది. పోయింది అన్నావంటే ఇంకోటి పోతుంది. నోటిని శుభ్రం చేసుకో. మనసు దానంతటదే శుభ్రపడుతుంది.”

కూటం చివర్లో అందరూ కళ్ళు మూసుకుని మూడు మాటలు పలికేవారు. “నేను నిండుగా ఉన్నాను. నేను హాయిగా ఉన్నాను. అంతా మంచే జరుగుతున్నది.”

అది అబద్ధమని జగన్నాధానికి తెలుసు. కానీ ఆ మాటలు పలుకుతున్నంతసేపూ కొడుకు ముఖం కళ్ళముందుకి రాలేదు. ఏడాది తర్వాత ఆ మాత్రం ఊపిరి ఆడింది. మరుసటి లక్ష్మివారం మళ్ళీ వెళ్ళాడు. కల్లు మానేశాడు. మూణ్ణెల్లు తిరిగేసరికి ఒళ్ళు చేశాడు, మిల్లులో నలుగురితో నవ్వి మాట్లాడాడు. ఇంక మాస్టారి మాట అతనికి వేదమయింది.

అప్పట్నించి ఆ ఇంట్లో కొన్ని మాటలు నిషిద్ధం. నొప్పి, రోగం, చావు, భయం, ఏడుపు. చినబాబు పేరు కూడా అందులోకే చేరిపోయింది. దాలమ్మకి మొదట్లో నవ్వొచ్చింది.

“ఉప్పు అయిపోతే నిండుకుందంటాం, దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. ఇదేటి మావా కొత్త?” అంది.

“నవ్వులాట కాదే. మంచి మాట అనుకుంటే మంచే వస్తాది.”

“ఉప్పు నిండుకుందన్నాక కొట్టుకెళ్ళి తెచ్చుకుంటాం గదా. ఊరికే కూకోం గదా” అంది దాలమ్మ. అని ఊరుకుంది. మొగుడు మళ్ళీ మనిషయ్యాడు, దానికి తను రెండు మాటలు మింగితే పోయేదేముందనుకుంది.

దాలమ్మకి చుట్ట అలవాటు. ఆ వైపు ఆడవాళ్ళు చాలామందిలాగే ఆమెది అడ్డపొగ. నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని కాలుస్తారు. ఊడ్పుల్లో గాలికీ వానకీ చుట్ట ఆరిపోదు, చేతులకి పని అడ్డం రాదు. పన్నెండో ఏట తల్లి దగ్గర నేర్చుకుంది. అరవై ఎనిమిది వేసంగిలో ఆమె అంగిట్లో చిన్న పుండు లేచింది.

“కూర మండుతున్నాది మావా. కారం ఎయ్యకపోయినా మండుతున్నాది” అంది ఒకరోజు.

“మండుతున్నాదనకు. సల్లగా ఉన్నాదనుకో.”

దాలమ్మ అతని వైపు చూసి, కంచంలో నీళ్ళు పోసుకుని లేచింది. జగన్నాధం ఆ రోజే ఆమెని గుమ్మంలో వెలుగుకి నిలబెట్టి నోరు తెరిపించి చూశాడు. అంగిలి తెల్లగా పొక్కిపోయి ఉంది. మధ్యలో సెనగగింజంత ఎర్రటి గుంట. “ఏటీ నేదు. వేడి సేసింది” అన్నాడు.

వారం తర్వాత విజయనగరంలో ఒక డాక్టరుకి చూపించాడు. ఆయన దాలమ్మని బయట బల్ల మీద కూర్చోమని, జగన్నాధంతో చెప్పాడు. “ఇది మామూలు పుండు కాదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. ముక్క తీసి చూస్తారు, పుండుకి కరెంటు కిరణాలు పెడతారు. ఇప్పుడైతే నయమవుతుంది. ఆలస్యం చెయ్యకు.”

తీసుకెళ్దామనే అనుకున్నాడు. రైల్లో వస్తున్నంతసేపూ అదే అనుకున్నాడు. కానీ దిగి ఇంటికి పోకుండా మాస్టారి వసారాలోకి వెళ్ళాడు. మాస్టారు అంతా విని, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఆస్పత్రికి వద్దనను జగన్నాధం. కానీ అక్కడ ముందు ఆ రోగానికో పేరు పెడతారు. పేరు పెడితే అది ఇంట్లో మనిషైపోతుంది. ఒక మండలం రోజులు ఆమె చేత మంచి మాట పలికించు. ముందు మనసు గట్టిపడనీ. అప్పుడు వెళ్ళినా ఆ మందు పనిచేస్తుంది.”

జగన్నాధానికి ఆ మాట అమృతంలా వినిపించింది. ఆస్పత్రి అంటే అతనికి భయం. ఆ భయం పేరు కూడా పలకనక్కర్లేని దారి దొరికింది.

నలభై రోజులన్నది డెబ్బై రోజులయింది. దాలమ్మ ప్రతి లక్ష్మివారం మొగుడి వెంట వసారాకి వచ్చి ఆడవాళ్ళ వరసలో కూర్చునేది. చుట్ట తనంతట తనే మానేసింది. రాగిపిండితో కాచిన చోడంబలి చల్లార్చుకుని తాగడం తప్ప ఇంకేమీ తినేది కాదు. ఒక లక్ష్మివారం మాస్టారు ఆమెని లేపి నిలబెట్టి, “ఎలా ఉన్నావమ్మా?” అని అడిగాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. దాలమ్మ మొగుడి వైపు చూసింది. జగన్నాధం తల ఊపాడు.

“నాను హాయిగా ఉన్నాను బాబూ” అంది.

వసారా అంతా చప్పట్లు కొట్టింది. మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఇంటికి వస్తూ రైలుకట్ట దగ్గర దాలమ్మ నాలుగడుగులు పక్కకి వెళ్ళి వంగి ఉమ్మింది. ఉమ్మినదాని మీదికి కాలితో మట్టి తోసింది. ఆ మట్టి కింద ఎర్రగా ఉండడం జగన్నాధం చూశాడు. చూసి, ఆకాశం వైపు తిరిగి, “వాన వస్తాది గావాల” అన్నాడు.

భాద్రపదంలో దాలమ్మ తమ్ముడు అసిరయ్య వచ్చాడు. గరివిడి దగ్గర పల్లెలో రెండెకరాల మెట్ట అతనికి. అక్కని అప్పా అని పిలుస్తాడు, అన్నం ముందు కూర్చున్నాక లోకం ఎరగడు. ఆ రోజు మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆమెనే చూశాడు.

“సగమైపోనావేటప్పా? నువ్వు తిన్నావా?”

“తిన్నాన్రా” అంది దాలమ్మ. మాట ముక్కులోంచి వచ్చింది.

అసిరయ్య కంచం పక్కకి తోసి లేచాడు. “నోరు తెరు.”

“ఏటీ నేదురా...”

“తెరవమన్నాను గదా!”

చూశాడు. చూసి అక్క గడ్డం పట్టుకున్న చెయ్యి అలాగే వదిలేసి, గోడకి ఆనుకున్నాడు. అంగిలి కొంత పోయింది. పైన చీకటిగా రంధ్రం కనిపిస్తోంది. వాసన గుప్పుమంది.

“ఇదేటి బావా?” అన్నాడు.

“తగ్గతన్నాది అసిరీ. డెబ్బై రోజుల్నుంచి మంచి మాట...”

“నోట్లో బొక్క పడితే మంచి మాటేటి బావా! నీ మగ్గం ఇరిగితే మంచి మాట సెప్తావా, మేస్త్రీని పిలుస్తావా?”

ఆ మధ్యాహ్నం బండికే ముగ్గురూ విశాఖపట్నం వెళ్ళారు.

అక్కడ పెద్ద డాక్టరు నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. “ఎముకలోకి దిగిపోయింది” అన్నాడు. తర్వాత కోపంగా జగన్నాధం వైపు తిరిగాడు. “ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా? ముందెవరికీ చూపించలేదా?”

బల్ల మీద కూర్చున్న దాలమ్మే జవాబు చెప్పింది.

“నాకే నొప్పి తెలీనేదు బాబూ. మొన్నటిదాకా తెలీనేదు. ఆయన తప్పు నేదు.”

అసిరయ్య పళ్ళు కొరుక్కుంటూ వరండాలోకి వెళ్ళిపోయాడు. ఇరవై రోజులు కరెంటు పెట్టారు. అన్ని రోజులూ అసిరయ్య అక్క దగ్గరే ఉన్నాడు. బాధ కొంచెం తగ్గింది. ఇరవై ఒకటో రోజున డాక్టరు జగన్నాధాన్ని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళి ఆమెకి కావలసినవి పెట్టమన్నాడు.

ఇంటికి వచ్చాక దాలమ్మ మంచం పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం అంబలి గ్లాసు పక్కన పెట్టి, “మావా, నీకు నాలుగు మాటలు సెప్పాల” అంది.

“బాగయ్యాక సెప్పుదువుగాని.”

“బాగవ్వను మావా. నాకు తెలుసును. నాను పోయాక...”

“శుభం పలకవే!” అని అరిచాడు జగన్నాధం. అరిచి, తన గొంతుకి తనే ఉలిక్కిపడి, మెల్లగా ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. “నీకు దండం పెడతాను. ఆ మాట అనకు. నాను తట్టుకోనేను.”

దాలమ్మ అతని తల వైపు కాసేపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకో రెండుసార్లు అలాగే మొదలుపెట్టింది. రెండుసార్లూ అతను అలాగే ఆపాడు. ఒకసారి మాట మధ్యలో “చినబాబు” అని వినిపించింది. జగన్నాధం లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

లక్ష్మివారాల్లో మాస్టారు నలుగురిని వెంటబెట్టుకుని ఇంటికే వచ్చేవాడు. మంచం చుట్టూ చాప వేసుకుని కూర్చుని ఆ మూడు మాటలూ పలికేవారు. “నవ్వమ్మా, నవ్వు. నీ నవ్వే నీ మందు” అనేవాడు మాస్టారు. దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. వాసన వాళ్ళకి తగలకూడదని కొంత, నవ్వు కనిపించనక్కర్లేదని కొంత.

కార్తీకం వచ్చేసరికి ఆమె మాట పూర్తిగా చెడిపోయింది. గాలి అంతా ముక్కులోంచి పోయేది. నీళ్ళు తాగినా ముక్కులోంచే వచ్చేవి. ఏమంటోందో ఎవరికీ తెలిసేది కాదు. కావలసిన వస్తువుని వేలితో చూపించేది.

ఆ నెలలో ఒకరోజు మిల్లులో కరెంటు పోయి, మధ్యాహ్నానికే ఇళ్ళకి పంపేశారు. ముసురు పట్టి ఉంది. జగన్నాధం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి అరుపు వినిపించింది. అలాంటి అరుపు ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. తలుపు తోశాడు. దాలమ్మ మంచం మీద మెలికలు తిరుగుతోంది. అతణ్ణి చూడగానే పక్కనున్న గుడ్డముక్క నోట్లో కుక్కుకుంది. కుక్కుకుని, కళ్ళతో నవ్వబోయింది.

రోజూ తను మిల్లుకి వెళ్ళాకే ఆమె అరుస్తోందని అతనికి అప్పుడు తెలిసింది. అరవడానికి తను వెళ్ళేదాకా ఆగుతోంది.

జగన్నాధం మంచం మీద కూలబడి ఆ గుడ్డ లాగేశాడు. “అరువే! నా బంగారుతల్లివి, అరువు. ఏడు. నన్ను తిట్టు. ఆ రోజు ఏదో సెప్తానన్నావు గదా, సెప్పు. ఇంటాను. ఏ మాటైనా ఇంటాను. సెప్పు దాలీ.”

దాలమ్మ అతని ముఖంలోకి నమ్మలేనట్టు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

చాలాసేపు చెప్పింది. చేతులు తిప్పుతూ, మధ్యలో దగ్గుతూ, ఒకచోట ఏడుస్తూ చెప్పింది. జగన్నాధానికి ఒక్క మాట తెలియలేదు. మగ్గాల హోరులో పనిచేసేవాళ్ళు ఒకరి మాట ఒకరు చెవితో వినరు, పెదాలు చూసి తెలుసుకుంటారు. పద్దెనిమిదేళ్ళుగా అతనికి అదే అలవాటు. నాలుగు మగ్గాల అవతల మనిషి ఏమన్నాడో చెప్పగలడు. దాలమ్మ కొంగు తీసి, రెండు చేతులతో ముఖం పట్టుకుని పెదాల వైపే చూశాడు. వాచిపోయిన పెదాలు ఒక పక్కకి లాగేసి ఉన్నాయి. ఏ మాటకీ అవి కలవలేదు. ఎక్కడో ఒకచోట “గుంటడు” అని, పిల్లవాడి గురించి అన్నట్టు తోచింది. ఇంకోచోట “ఒద్దు” అన్నట్టు తోచింది. ఏది వద్దో తెలియలేదు.

అయినా తల ఊపాడు. “అలాగే. అలాగే సేస్తాను” అన్నాడు.

దాలమ్మ చెప్పడం ఆపింది. అతని కళ్ళలోకి చూసింది. అతనికి అర్థం కాలేదని ఆమెకి తెలిసిపోయింది. అతని చెయ్యి తీసి తన చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజులూ అతని ఎదుటే అరిచింది.

పదో రోజు పొద్దున్న, ఊపిరి ఆడక ఆడక ఆగిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు మాస్టారు ఒక్కడే వచ్చాడు. జగన్నాధం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన కూర్చుని, ఎప్పటిలాగే భుజం మీద చెయ్యి వేశాడు.

“ఆమె ఆనందంలో కలిసింది నాయనా. దుఃఖం అనే మాట దగ్గరికి రానీకు. నిన్న సమాజంలో అందరం అనుకున్నాం. ఇంత సాధన చేసినా ఆ తల్లి మనసులో ఎక్కడో చిన్న సందేహం ఉండిపోయి ఉంటుంది. లేకపోతే...”

జగన్నాధం ఆయన చెయ్యి తీసి మెల్లగా అరుగు మీద పెట్టాడు.

“దానికి సందేహం నేదు మాస్టారూ. దానికి నోట్లో పుండు ఉండేది. నాను సూసాను. మొదటి రోజే సూసాను. నెత్తురు ఉమ్మినప్పుడూ సూసాను.”

మాస్టారు ఆ చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు.

“అది నొప్పంటే నాను ఒద్దన్నాను. సచ్చిపోతానంటే ఒద్దన్నాను. బిడ్డ పేరెత్తితే ఒద్దన్నాను. దానికి ఏడుపు వచ్చును మాస్టారూ. బాగా వచ్చును. ఏడ్సి తేరుకునే మనిషది. నాకు రాదని దాన్ని కూడా ఏడవనివ్వనేదు.” ఆయన వైపు తిరిగి అడిగాడు. “మీకెవరైనా పోయారా?”

నరసింగరావు రైలుగేటు వైపు చూస్తూ చెప్పాడు. “ఒక అమ్మాయి ఉండేది. ఖరగపూర్‌లో. పంతొమ్మిదేళ్ళు. తనే బావిలో దూకింది. ఇరవై ఏళ్ళయింది. నేను ఏడవలేదు జగన్నాధం. ఒకసారి మొదలుపెడితే ఆగదేమోనని...”

అంతలోనే లేచి నిలబడి, కండువా సర్దుకున్నాడు. ముఖంలోకి ఆ పాత చిరునవ్వు తెచ్చుకున్నాడు. “లక్ష్మివారం రా నాయనా. అంతా మంచే జరుగుతుంది.”

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని జగన్నాధం చూశాడు. రాలేదు. వెళ్తున్న ముసలాయన వీపు చూస్తే, తనని ఒడ్డుకి లాగాడనుకున్న మనిషి కూడా ఇన్నాళ్ళూ నీళ్ళలోనే ఉన్నాడనిపించింది.

మరుసటి ఆదివారం గరివిడి వెళ్ళాడు. అసిరయ్య మెట్టలో చోడి వెన్నులు కోస్తున్నాడు. బావని చూసి కొడవలి ఆపలేదు. జగన్నాధం గట్టు మీద నిలబడి అడిగాడు.

“అసిరీ, ఆస్పత్రిలో ఉన్న ఇరవై రోజులూ నువ్వు దాని దగ్గరున్నావు గదా. అప్పటికి మాట ఉండేది. నీకేటైనా సెప్పిందా? నాకేదో సెప్పింది. నాకు తెలీనేదు. ఏటి సెయ్యాలో, ఏటి సెయ్యకూడదో సెప్పింది. నాకు తెలీనేదు.”

అసిరయ్య రెండు వెన్నులు కోసి గంపలో వేశాడు.

“నాకొకటే సెప్పింది. మీ బావతో దెబ్బలాడకురా, సెడ్డోడు కాదు, పిరికోడు అంది. అందుకే నీతో దెబ్బలాడనేదు.” నడుం ఎత్తి మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. “అంతకన్నా నన్నేటీ అడక్కు బావా. నిన్ను సూస్తే మా అప్ప నోరు గుర్తుకొస్తాది. ఎల్లిపో.”

జగన్నాధం వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. దారికి రెండు పక్కలా కోసేసిన చేలు. మనిషి జాడ లేదు. మధ్యలో ఆగాడు. దాలమ్మ కొడుకు కోసం ఏడ్చినట్టు ఏడవాలనుకున్నాడు. ఆ రాగం అతనికి గుర్తుంది. ఎలా మొదలుపెట్టేదో కూడా గుర్తుంది. గొంతు సవరించుకుని, “దాలీ” అన్నాడు. వసారాలో ఆ మూడు మాటలూ అప్పజెప్పినట్టు, ఎత్తూ పల్లం లేకుండా వచ్చింది ఆ మాట. మళ్ళీ అన్నాడు. మళ్ళీ అలాగే వచ్చింది. దవడలు నొప్పి పుట్టేదాకా నోరు తెరిచి నిలబడ్డాడు. లోపల్నుంచి ఏమీ రాలేదు.

దూరంగా బండి కూత వినబడితే, నోరు మూసుకుని స్టేషను వైపు నడిచాడు.